పాత ర్యాలీని ఫిక్సీ చేద్దామనుకుంటే

ప్రశ్న: అన్నా, నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఎనభైల నాటి ర్యాలీ కంపెనీ రోడ్ సైకిల్ చవగ్గా దొరికింది. గేర్లు పనిచెయ్యట్లేదు. అవి పీకేసి ఫిక్స్‌డ్ గేర్, అంటే పెడలూ వెనక చక్రమూ ఎప్పుడూ కలిసే తిరిగే ఫిక్సీ, చేసుకుందామనుంది. పాత వెనక చక్రానికే కాగ్ (పళ్ళచక్రం) బిగించొచ్చా? బ్రేకులు కూడా తీసేస్తే లుక్ బాగుంటుందంటున్నారు. వీకెండ్‌లో దాని మీదే డెలివరీ కూడా చేద్దామని.

జవాబు: తమ్ముడూ, ముందు చక్రం బ్రేక్ మాత్రం తియ్యకు. ఇక్కడ బ్రిటన్‌లో 1983 నిబంధనల ప్రకారం పెద్దవాళ్ళ సైకిల్‌కి ముందూ వెనకా విడివిడిగా పనిచేసే బ్రేకులుండాలి. ఫిక్సీలో కాళ్ళతో పెడల్‌ని ఆపితే వెనక చక్రం ఆగుతుంది కాబట్టి దాన్ని వెనక బ్రేక్‌గా ఒప్పుకుంటారు. ముందుదానికి మినహాయింపు లేదు. 2016లో లండన్‌లో ముందు బ్రేక్ లేని ఫిక్సీ గుద్ది, రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది. తొక్కిన కుర్రాడికి మరుసటి ఏడాది 18 నెలల శిక్ష పడింది. వీసా మీద ఉన్నవాడు తలకి చుట్టుకోవాల్సిన కేసు కాదది.

ఇక చక్రం. పాత హబ్ (చక్రం మధ్య భాగం) మీద ఫ్రీవీల్, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ళచక్రం, ఊడదీస్తే అదే మరకి ఫిక్స్‌డ్ కాగ్ చక్కగా ఎక్కుతుంది. మోసమంతా అక్కడే ఉంది. ముందుకి తొక్కినంతసేపూ కాగ్ బిగుస్తుంది, ఆపడానికి వెనక్కి నొక్కితే వదులవుతుంది. అసలైన ట్రాక్ హబ్‌కి కాగ్ బయట ఇంకో మర ఉంటుంది, ఎడమ చేతి వాటంది, అంటే వెనక్కి తిప్పితే బిగిసేది. దాని మీద లాక్‌రింగ్ బిగిస్తే కాగ్ ఎటూ కదలదు. నీ పాత హబ్‌కి ఆ మర లేదు. గట్టిగా బిగించి జిగురు పూస్తే చాలనేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకు. అటు కాగ్, ఇటు ఫ్రీవీల్ ఎక్కే ఫ్లిప్-ఫ్లాప్ హబ్ చక్రం కొనుక్కో. సైకిల్ కన్నా దానికే ఎక్కువవ్వొచ్చు, అయినా కొను. కాళ్ళు నొప్పెట్టిన రోజున చక్రం తిప్పి పెట్టుకుంటే మామూలు సైకిలే.

చక్రం కొనేముందు ఫ్రేమ్ చూడు. వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించొచ్చు. నిలువుగా ఉంటే ఆ ఫ్రేమ్ ఇలాంటి పనికి రాదు. ఫ్రేమ్ వెడల్పు 126 మిల్లీమీటర్లుండి హబ్ 120దైతే రెండు పక్కలా మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు చాలు. పాతది 27 అంగుళాల చక్రమై కొత్తది 700సీ (కాస్త చిన్న సైజు) అయితే బ్రేక్ కట్టలు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాలి. అంత దూరం దిగుతాయో లేదో ముందే చూసుకో.

పెడళ్ళ దగ్గరి రెండు చైన్‌రింగుల్లో (పళ్ళచక్రాల్లో) చిన్నది, 42 పళ్ళదైతే, అదే ఉంచి వెనక 16 పళ్ళ కాగ్ పెట్టు. చైన్ వంకర లేకుండా దాదాపు నేరుగా వస్తుంది. పెద్ద రింగు తీసేశాక పాత బోల్టులు పొడవవుతాయి, పొట్టివి తెచ్చుకో. కొన్ని పాత ర్యాలీలకి బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే భాగం) మర కంపెనీ సొంతది, బయట దొరికేవి ఎక్కవు. బాగానే తిరుగుతుంటే దాని జోలికెళ్ళకు. క్రాంకుకి (పెడల్ కాడకి) కాటర్ పిన్ ఉందా? మన ఊరి అట్లాస్, హీరో సైకిళ్ళకుండేదే, సుత్తి దెబ్బకి వస్తుంది.

మొదట ఖాళీ కార్ పార్కులో తొక్కు. అలవాటు కొద్దీ కాళ్ళు ఆపబోతే పెడలే నిన్ను ఎత్తేస్తుంది. వంపు తిరిగేటప్పుడు కూడా పెడల్ తిరుగుతూనే ఉంటుంది, మరీ వాలితే నేలకి తగులుతుంది. ప్యాంటు అంచు మడుచుకో, షూ లేసు లోపలికి దోపుకో. చైన్‌లో ఏది ఇరుక్కున్నా ఈ సైకిల్ వదలదు. చక్రం తిప్పుతూ గుడ్డతో చైన్ తుడవడం అసలొద్దు, వేళ్ళు పోతాయి.

డెలివరీ మాట: స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్-ఎంప్లాయ్డ్ పని కుదరదు, యాప్ డెలివరీలు ఎక్కువగా ఆ లెక్కలోకే వస్తాయి. వేరేవాళ్ళ అకౌంట్ అద్దెకిస్తామంటే అస్సలు తీసుకోకు.