వాట్సాప్‌లో సగం ధరకే బేస్‌బాల్ టికెట్లు... కొనమంటారా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. తెనాలి నుంచి మా అత్తమామలు వచ్చారు. మామయ్యగారికి క్రికెట్ అంటే ప్రాణం. ఇక్కడికొచ్చాక టీవీలో చూసి బేస్‌బాల్ మీద కూడా ఇష్టం పెంచుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్, డాడ్జర్స్ జట్ల శనివారం ఆటకు తీసుకెళ్దామంటే, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరు టికెట్లకు 690 డాలర్లు చూపిస్తోంది. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన అలాంటి సీట్లే 360కి ఇస్తానంటున్నారు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle) ద్వారా చెల్లిస్తే టికెట్ల స్క్రీన్‌షాట్ పంపుతారట. మాకు క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 2,800 డాలర్ల బాకీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ వాట్సాప్ బేరం వదిలేయండి. జెల్‌లో పంపిన డబ్బు చేతికిచ్చిన నగదుతో సమానం. మీ చేత్తో మీరే పంపారు కాబట్టి, మోసమని తేలినా తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. ఇక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ టికెట్లు ఇప్పుడు ఆ లీగ్ బాల్‌పార్క్ యాప్‌లో ఉంటాయి. నిజంగా టికెట్లున్నవారు అక్కడి నుంచే మీ ఖాతాకు బదిలీ చేయగలరు. స్క్రీన్‌షాట్ తప్ప ఇంకేమీ ఇవ్వనన్నారంటే, అదే బొమ్మ ఇంకెంతమందికి వెళ్లిందో మీరు కనిపెట్టలేరు. అత్తమామలను, పిల్లలను గేటు దాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పుకురావాల్సిన పరిస్థితి మీకు రాకూడదు.

ఇక 690 సంగతి. జెయింట్స్ యాజమాన్యం 2009లో కొన్ని సీట్లకు, 2010 నుంచి స్టేడియం మొత్తానికి గిరాకీని బట్టి ధర మార్చే పద్ధతి తెచ్చింది. డాడ్జర్స్ వాళ్ల పాత ప్రత్యర్థి. రెండు జట్లూ 1958లో న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియాకు వచ్చినవే, వైరం అంతకంటే పాతది. పైగా శనివారం. అందుకే ఆ ధర. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో సొంత మ్యాచ్‌లు ఏడే ఆడుతుంది, దొరికినప్పుడే కొనాలన్న ఆత్రం మనకు అక్కడ అలవాటైంది. ఇక్కడ ఒక్కో జట్టుకు సీజన్‌లో 81 సొంత ఆటలు. అంత గిరాకీ లేని రాకీస్ లాంటి జట్టు వచ్చినప్పుడు మంగళవారమో బుధవారమో చూడండి, అవే సీట్లు చాలా తక్కువకు దొరుకుతాయి. మధ్యాహ్నం ఆటైతే పెద్దవాళ్లకు ఇంకా మంచిది, ఆ స్టేడియం దగ్గర వేసవి రాత్రుల్లోనూ చలిగాలి వణికిస్తుంది.

జట్టు సొంత వెబ్‌సైట్‌తో పాటు, టికెట్లు తిరిగి అమ్ముకునే సీట్‌గీక్, స్టబ్‌హబ్ సైట్లు కూడా చూడండి. తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరను మొదట్లోనే చూపాలని కాలిఫోర్నియా చట్టం 2024 జులై నుంచి, దేశమంతటికీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) నిబంధన 2025 మే నుంచి చెబుతున్నాయి. కాబట్టి మొత్తానికి మొత్తాన్నే పోల్చుకోండి. ఆట మొదలయ్యే ముందు ధరలు పడిపోతాయని కొందరు ఆగమంటారు. ఇద్దరికైతే నేనూ ఆగమనేవాణ్ని. కానీ తిరిగి అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువగా రెండు, నాలుగు చొప్పునే ఉంటాయి, ఆరు పక్కపక్కనే దొరకడం కష్టం. పది డాలర్లు ఎక్కువైనా ముందే తీసుకోండి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మీ కార్డు బాకీ. దాని మీద నెలకు సుమారు 56 డాలర్లు వడ్డీకే పోతోంది. బాకీ మోస్తున్న కార్డుకు సాధారణంగా కొత్త కొనుగోళ్ల మీద వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అలాగని డెబిట్ కార్డు వాడమనను. టికెట్లు చేతికి రాకపోతే క్రెడిట్ కార్డు కంపెనీకి, ఆ ఖర్చు కనబడిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు లిఖితంగా ఫిర్యాదు చేసే హక్కు ఫెడరల్ చట్టం ఇస్తోంది. బాకీ లేని మరో కార్డు ఉంటే దానితో కొనండి. లేకపోతే ఇదే కార్డు వాడి, టికెట్ల సొమ్మును బిల్లు వచ్చేదాకా ఆగకుండా వెంటనే కట్టేయండి. అలా కట్టడానికి చేతిలో ఎంత ఉందో, ఈ సరదాకు మీ బడ్జెట్ అంతే. ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో ఎంబార్కడెరో స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో నగర రవాణా సంస్థ మ్యూనీ నడిపే ఎన్ లైన్ రైలు ఎక్కితే పార్కింగ్ ఖర్చు ఉండదు. జెయింట్స్ స్టేడియం ఒరాకిల్ పార్క్‌లోకి ఇంటి తిండి తెచ్చుకోనిస్తారు, పులిహోర డబ్బా నిశ్చింతగా తీసుకెళ్లండి. గాజు సీసాలు మాత్రం వద్దు.

అదీ భారమనిపిస్తే శాన్‌హోసేలో ఎక్సైట్ బాల్‌పార్క్ ఉంది. జెయింట్స్ అనుబంధ జట్టు శాన్‌హోసే జెయింట్స్ అక్కడే ఆడుతుంది. చిన్న మైదానం, తక్కువ ధర, ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారు. మామయ్యగారు మొదటిసారి చూడబోతున్నారు కాబట్టి నేనైతే ముందు ఇక్కడికే తీసుకెళ్లమంటాను. నచ్చితే సెప్టెంబరులోగా ఒక వారం మధ్య ఆటకు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లొచ్చు, ఆలోపు కార్డు బాకీ కొంత తగ్గించుకోవడానికీ వీలు చిక్కుతుంది.