పక్కన అయిదంతస్తులు లేస్తుంటే ఆపించగలమా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్నగారు 1986లో కట్టిన డాబా ఇంట్లో ఉంటున్నాం. పక్కనున్న రెండు పెంకుటిళ్లు పడగొట్టి, ఆ 800 గజాల్లో స్టిల్ట్ మీద అయిదు అంతస్తులు, 15 ఫ్లాట్లు కడుతున్నారు. పునాదుల తవ్వకానికే మా గోడ బీటలిచ్చింది. రేపు గదుల్లోకి వెలుతురు రాదు, పెరట్లో ఎండ పడదు. మా లైన్లో ఇప్పటికే ఇలాంటివి నాలుగు లేచాయి. ఇలాగే పోతే మా పేట, మా ఊరు ఏమవుతాయోనని టెన్షన్‌గా ఉంది. కోర్టుకెళ్లి ఆపించవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. అపార్ట్‌మెంట్ వస్తోందన్న ఒక్క కారణంతో ఏ కోర్టూ పని ఆపదు. సొంత స్థలంలో, అనుమతి తీసుకుని, నిబంధనల ప్రకారం కట్టుకునే హక్కు ఆ స్థలం యజమానికీ ఉంది. మీరు ఆపించగలిగేది ప్లాన్ దాటి కట్టే భాగాన్ని. కాబట్టి లాయరు దగ్గరికి వెళ్లేముందు ఆ ప్లాన్ సంపాదించండి.

మంజూరైన ప్లాన్‌ను నిర్మాణం జరిగినంత కాలం సైటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న రాజేంద్రకుమార్ బర్జాత్యా కేసులో ఆదేశించింది. మన ఊళ్లో ఎన్ని సైట్ల దగ్గర అది కనిపిస్తుందో మీకు తెలియనిది కాదు. అక్కడ లేకపోతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటింది, ఫ్లాట్లు ఎనిమిదికి మించాయి. కాబట్టి ఈ ప్రాజెక్టుకు రెరా నమోదు తప్పనిసరి. అక్కడా దొరక్కపోతే పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘థర్డ్ పార్టీ సమాచారం’ (వేరేవాళ్లకు చెందినది) అని తిప్పి పంపితే అక్కడితో వదిలేయకుండా మొదటి అప్పీలు వేయండి.

ప్లాన్ చేతికొచ్చాక టేపు పట్టుకుని చూడండి. మీ ప్రహరీ వైపు ఎన్ని అడుగులు వదలాలని ఉంది, ఎన్ని వదిలారు? స్టిల్టులో పార్కింగ్ చూపించి గదులు లేపుతున్నారా? తేడా ఉంటే ఫొటోలతో కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నోటీసిచ్చి పని ఆపించడానికి, అక్రమ భాగాన్ని కూల్చడానికి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కమిషనర్‌కు అధికారం ఇచ్చింది. ఆయన కదలకపోతే నేలపాడులోని హైకోర్టులో రిట్ (అధికారి తన పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. చాలాసార్లు వచ్చేది ‘ఫిర్యాదును విచారించి ఫలానా గడువులో తేల్చండి’ అనే ఉత్తర్వే. చిన్నదిగా కనిపించినా, దాంతో ఫైలు కదులుతుంది.

‘పక్కింటివాడికేం సంబంధం’ అని బిల్డరు తరఫువాళ్లు అంటారు. 1974లోనే సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఉడుపిలో కల్యాణ మంటపం పేరుతో మొదలైన కట్టడాన్ని నివాస ప్రాంతంలో సినిమా హాలుగా మార్చబోతే, అక్కడ నివాసముండే రామదాస్ శెణై అనే ఆయన కోర్టుకెక్కారు. నిబంధన తప్పితే ఆ ప్రాంతవాసికి అడిగే హక్కు ఉందని, డబ్బు ఖర్చుపెట్టేశామన్నంత మాత్రాన అక్రమ అనుమతి సక్రమం కాదని కోర్టు తేల్చింది. అప్పుడు ఉడుపీ చిన్న ఊరే.

అయితే ఆలస్యం చేయకండి. మూడో స్లాబు పడ్డాక వచ్చే క్లయింట్లను చూసి చూసి చెబుతున్నాను. కట్టేసిన ఫ్లాట్లలోకి కొనుక్కున్నవాళ్లు దిగాక, కూల్చమని అడగడం ఏ కోర్టులోనైనా కష్టం. పైగా 2007, 2015, 2019లో వచ్చినట్టు అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం (బీపీఎస్) వస్తుంది, జరిమానా కట్టి క్రమబద్ధం చేయించుకుంటారు. రూలు ప్రకారం చుట్టూ ఖాళీ, అంటే సెట్‌బ్యాక్ వదిలినవాడు ఏం పాపం చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక వెలుతురు సంగతి. మీ కిటికీల్లోంచి 20 ఏళ్లకు పైగా నిరాటంకంగా వెలుతురు, గాలి వస్తుంటే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ కింద అది హక్కవుతుంది. ఇల్లు 1986 నాటిది కాబట్టి ఆ గడువు ఎప్పుడో దాటింది. అయితే వెలుతురు గణనీయంగా తగ్గిందని రుజువు చేయాలి. పగలే లైటు వేసుకోవాల్సి వస్తోందా అన్నంత స్థాయిలో ఉండాలి. ఇంకో మెలిక ఉంది. అడ్డు పడ్డాక రెండేళ్లలోపు దావా వేయకపోతే, ఆ 20 ఏళ్ల లెక్క చెల్లదు. పెరట్లో ఎండ మాత్రం పోయినట్టే. ఖాళీ స్థలానికి వెలుతురు హక్కును అదే చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదు.

మీ కేసులో అన్నిటికన్నా బలమైనది గోడ బీటే. పక్క నేల మీ నేలకు ఇచ్చే ఆసరా సహజ హక్కు. ఇంత పాత ఇల్లు కాబట్టి కట్టడానికి కూడా ఆ ఆసరా అడగవచ్చు. సివిల్ కోర్టులో దావా వేసి, గోడను పరిశీలించి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ని వేయమనండి. మీ వైపు మట్టి జారకుండా రక్షణ గోడ కట్టేదాకా తవ్వకం ఆపాలని మధ్యంతర ఇంజంక్షన్ (తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వు) కోరండి.

ఊరి భవిష్యత్తు గురించి అడిగారు. అక్కడే చట్టంలో పెద్ద కన్నం ఉంది. 20,000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం ఉంటేనే పర్యావరణ అనుమతి కావాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. పదిహేను ఫ్లాట్ల బిల్డింగు అందులో సుమారు పదో వంతు. ఒకే పేటలో ఇలాంటివి పది లేస్తే మొత్తం ఆ అంకెను అందుకుంటుంది. కానీ అనుమతి ఒక్కో స్థలానికి విడిగా ఇస్తారు కాబట్టి, మొత్తం ఎంతమందికి నీళ్లు కావాలి, మురుగు ఎక్కడికి పోవాలి అన్న లెక్క ఎవరూ వేయరు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అది అపార్ట్‌మెంట్ల వల్ల వచ్చిందనను. పాత పైపుల మీద భారం పెంచేముందు అది గుర్తుండాలంటున్నాను. అసలు అపార్ట్‌మెంట్లే వద్దంటే ఊరు పొలాల మీదికి పోతుంది, అదీ నష్టమే.

ఈ లెక్క అడగాల్సింది సివిల్ కోర్టులో కాదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు, భూ వినియోగం మార్చే ప్రకటన పడినప్పుడు అభ్యంతరాలు పిలుస్తారు. పేపర్లో ఓ మూలన పడే ఆ ప్రకటనలు చదివేవాళ్లు తక్కువ. మీ లైనువాళ్లంతా 2001 సొసైటీల చట్టం కింద సంఘంగా రిజిస్టరై, మీ వార్డులో ఎన్ని అనుమతులిచ్చారు, వాటి మీద ఎంత అభివృద్ధి చార్జీలు వసూలు చేశారు, అందులో ఎంత మీ డ్రైనేజీకి పెట్టారు అని సమాచార హక్కు కింద అడగండి. ఆ జవాబు చేతిలో ఉంటే, అవసరమైనప్పుడు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యానికి ఆధారం దొరుకుతుంది. నాలుగు బిల్డింగులు లేచేదాకా ఎవరికి వారు ఊరుకోవడం మీ లైనుకే కాదు, అన్ని పేటలకూ ఉన్న జబ్బే.

చివరగా ఒక జాగ్రత్త. బీటలకు సిమెంటు పూయించి, కొంత డబ్బు చేతిలో పెట్టి, ‘ఎలాంటి అభ్యంతరం లేదు’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. గోడ బాగు చేయించుకోండి, ఆ సంతకం మాత్రం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ కాగితం కాపీ తీసుకుని, దావా వేసేముందే మీ లాయరుకు చూపించండి.