మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చో

అమ్మలూ,

ముదిరిన జబ్బులవాళ్లకి నొప్పీ బాధా తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ వార్డులో నువ్వు డ్యూటీకి చేరిన మొదటి వారంలోనే ముగ్గురు పోయారనీ, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగట్లేదనీ మీ అమ్మ చెప్పింది. "మందులివ్వడం వచ్చు, వాళ్లతో ఏం మాట్లాడాలో తెలియట్లేదు" అన్నావట. క్యాన్సర్ వార్డులో, తర్వాత ఇళ్లకు వెళ్లే వ్యాన్‌లో ఇరవై రెండేళ్లు నర్సుగా తిరిగినదాన్ని. నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నొప్పి సంగతి చూడు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఏ ఓదార్పూ చెవికెక్కదు. డాక్టరు నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర రాస్తే ఆ టైముకే పడాలి, నొప్పి ముదిరాక కాదు. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందూ ఉండాలి. అలవాటైపోతుందని ఇంట్లోవాళ్లు మాత్రలు దాచేస్తారు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అంత భయపడక్కర్లేదని నిదానంగా చెప్పు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఈ మాత్ర దొరక్క మన దేశంలో రోగులు ఏళ్ల తరబడి అల్లాడారు. 2014లో చట్టాన్ని సవరించాక కొంత నయం. ఇప్పుడు మాత్ర చేతిలో ఉండి కూడా మనిషి నొప్పి పడుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

లండన్‌లో 1967లో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకోవడానికి సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా మనలా నర్సుగానే మొదలైంది. ఒంటి నొప్పి, మనసులో దిగులు, ఇంటి సమస్యలు, దేవుడి మీద సందేహాలు అన్నీ కలిసిపోయి ఒకే నొప్పిగా వేధిస్తాయని ఆవిడ చెప్పేది. ఎంత నిజమో నాకు ఒక పలక చూశాక అర్థమైంది.

ఆయన రైతు. నోటి క్యాన్సర్, మాట పోయింది. మనవడి పలక మీద రాసి చూపించేవాడు. నేను వెళ్లిన మొదటి రోజే భార్య గుమ్మం దగ్గర ఆపి, "ఆయనకేం చెప్పకు తల్లీ, తట్టుకోలేడు" అంది. లోపలికెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన బలపంతో రాశాడు: ఎరువుల కొట్టులో నాలుగు వేలు బాకీ, తమ్ముడి దగ్గర రెండు బస్తాల వడ్లు రావాలి, చిన్నదాని పెళ్లి. భార్య అడుగుల చప్పుడు వినగానే అరచేత్తో తుడిచేశాడు. ఆవిడకి చదవడం రాదు. అయినా తుడిచేశాడు.

మూడోసారి వెళ్లినప్పుడు, "ఇది ఆమెకి చదివి వినిపించమంటారా?" అని అడిగాను. చాలాసేపు కిటికీ వైపు చూసి తలూపాడు. చదివాను. ఆవిడ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "వడ్లు మొన్ననే తెచ్చుకున్నా, నీకు చెబితే ఎందుకు తెచ్చావని అడుగుతావని ఊరుకున్నా" అంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ రాత్రి ఆయన నిద్రపోయాడని మర్నాడు ఫోన్ చేసి చెప్పింది. మందు ఏమీ పెంచలేదు.

అందుకే చెబుతున్నాను, రోగికి చాలాసార్లు ముందే తెలుసు. అందరూ నటిస్తుంటే ఆ మంచం మీద ఒంటరైపోతాడు. "చెప్పొద్దు" అన్న ఇంట్లోవాళ్ల మీద కోప్పడకు, అది ప్రేమే. "దాచడం మీకెంత కష్టంగా ఉందో" అని ముందు వాళ్లని అడుగు. నా అంతట నేనేం చెప్పను, ఆయనే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేనని ముందే చెప్పి లోపలికి వెళ్లు. "నేను బతుకుతానా సిస్టర్?" అని అడిగితే కంగారుపడి జవాబు వెతుక్కోకు. "మీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకో. ఆ మౌనంలో సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా సరే, లేచి మాత్రం వెళ్లకు. తెలుసుకోవడం ఇష్టం లేని వాళ్లూ ఉంటారు, వాళ్ల మీద నిజం రుద్దకు.

"ధైర్యంగా ఉండండి" అనకు. ఆ మాటతో వాళ్లు నోరు మూసుకుంటారు. పూర్వజన్మ కర్మ అనే చుట్టాలని కాస్త పక్కకి తీసుకెళ్లు.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. చావు దగ్గరపడ్డవాళ్లు దిగులుగా ఉండక ఏం చేస్తారని డిప్రెషన్‌ని వదిలేయకు. మనవడొచ్చినా మొహం తిప్పుకుంటున్నా, ఎందుకు పుట్టానా అని రోజూ అంటున్నా, చచ్చిపోతానన్నా డాక్టరుకి చెప్పు, సైకియాట్రిస్టుని పిలిపించు. దానికి మందులున్నాయి. రాత్రిపూట ఉన్నట్టుండి ఏదేదో మాట్లాడుతూ, లేనివాళ్లని చూస్తుంటే ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. మూత్రం ఆగిందేమో, మలబద్ధకమో, ఇన్ఫెక్షనో, మందులు పడట్లేదో చూడాలి. గదిలో చిన్న లైటు ఉంచి, తెలిసిన మనిషిని పక్కన కూర్చోమను.

పోయాక కూడా ఒకసారి ఆ ఇంటికి వెళ్లు. కర్మలయ్యి చుట్టాలంతా వెళ్లిపోయాక వెళ్లు. రాత్రీపగలూ చేసిన మనిషికి చేతులు ఖాళీ అయిపోయి ఏం చేయాలో తోచదు. "నేను సరిగ్గా చూసుకున్నానా?" అని అడుగుతారు. నువ్వు కళ్లారా చూసినవి ఒక్కొక్కటే చెప్పు: పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోరు తడపడం, గంజి వడకట్టి పట్టడం.

ఇక నీ సంగతి. ఏడుపొస్తే వాళ్ల ముందు కళ్లు తడైనా తప్పులేదు. కానీ ఆ బరువంతా మోసుకుని ఒంటరిగా పడుకోకు. డ్యూటీ దిగాక మీ సీనియర్‌తో పది నిమిషాలు మాట్లాడు. ఆవిడ లేని రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను. ముందు అన్నం తిని చెయ్యి.

మీ పెద్దమ్మ