ఇంట్లో రైలు లేకపోయినా రైలు బొమ్మల పత్రిక ఎందుకు కొంటాను?

“మోడల్ రైళ్ళ కోసమే నెలనెలా పత్రికలు వస్తాయట. ఇంట్లో ఒక్క పట్టా ముక్క కూడా లేనివాళ్ళు వాటికి చందా కడతారట. అంతగా చదవడానికి అందులో ఏముంటుంది?” అని ఒకరు అడిగారు. మా ఆవిడ ఇదే ప్రశ్న నన్ను పదమూడేళ్ళుగా అడుగుతోంది. ఆవిడకు ఇప్పటిదాకా సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ అడిగినవారి పేరు చెప్పుకుని ఇంకోసారి ప్రయత్నిస్తాను.

మేం ఇంగ్లండులో డెర్బీలో ఉంటాం. రైలింజన్లు తయారుచేసిన ఊరు. వచ్చిన కొత్తలో ఒక చలికాలం పక్కింటి పెద్దాయన వాకిట్లో మంచు ఎత్తుతుంటే సాయం పట్టాను. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరని, చిన్నప్పుడు రైలంటే పిచ్చి అని, కానీ మా వైపు రైలే లేదని మాటల్లో చెప్పాను. మా తాతయ్య మాత్రం “ఎందుకు లేదురా, కోటిపల్లి దాకా రైలుండేది, యుద్ధమొచ్చి పట్టాలు పీక్కుపోయారు” అనేవాడని కూడా చెప్పాను. మర్నాడు ఆయన పురికొసతో కట్టిన పాత పత్రికల కట్ట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ‘రైల్వే మోడలర్’ అని పేరు. “నా దగ్గర రైలు సెట్టేమీ లేదండీ” అన్నాను. “నా దగ్గరా పన్నెండేళ్ళుగా లేదు. చదవడానికి రైలెందుకు?” అన్నాడు.

ఈ పత్రిక 1949లో మొదలైంది. మొదలుపెట్టినవాడు ఇయాన్ అలన్. ఇంజన్ల నంబర్లన్నీ చిన్న పుస్తకాలుగా అచ్చేసి, ఇంగ్లండు కుర్రాళ్ళ చేత ప్లాట్‌ఫారాల మీద నంబర్లు టిక్కు పెట్టించిన మనిషి ఆయనే. రెండేళ్ళకే ఇది పీకో వాళ్ళ చేతికి వెళ్ళింది. పీకో అంటే బొమ్మ రైళ్ళకు పట్టాలు చేసే కంపెనీ. డెవన్‌లో సముద్రం ఒడ్డున ఒక పల్లెటూళ్ళో వాళ్ళ ఫ్యాక్టరీ, పత్రిక ఆఫీసు రెండూ ఉన్నాయి. ఆ ఊరి పేరు బీర్. నిజమేనండీ, బీరే. పట్టాలు అమ్మేవాళ్ళే పత్రిక నడిపితే అది వాళ్ళ కరపత్రం అయిపోదా అని నాకూ మొదట అనుమానం వచ్చింది. కానీ సిరిల్ ఫ్రీజర్ అనే ఆయన 1950 నుంచి 1978 దాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్ళు, సంపాదకుడిగా కూర్చుని దానికొక తీరు పట్టించాడు. ‘సగటు అభిమాని కోసం’ అని పత్రిక పేరు కిందే వేసుకునేవాళ్ళు. ఆ మాట మీద నిలబడ్డారనే నా అభిప్రాయం.

ఇక చదవడం సంగతి. ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు కట్టిన లేఅవుట్ మీద, అంటే బల్ల మీద పట్టాలు, స్టేషనుతో సహా కట్టిన బొమ్మ రైల్వే మీద, పెద్ద వ్యాసం ఉంటుంది. ఫోటోలతో పాటు పైనుంచి చూసినట్టు గీసిన పట్టాల ప్లాను కూడా వేస్తారు. కొత్తవాళ్ళు ఫోటోలు చూసి పేజీ తిప్పేస్తారు. నేనూ ఒక ఏడాది అలాగే చేశాను. పెద్దాయన ఒకరోజు నా వేలు పట్టుకుని ప్లాను మీద పెట్టాడు. “ఇదిగో, గూడ్సు వచ్చింది. ఇంజను ముందుంది. రెండు వ్యాగన్లు ఆ షెడ్డులో వదలాలి, ఖాళీవి తీసుకెళ్ళాలి. ఎలా చేస్తావు?” అన్నాడు. ఇంజను లూప్‌లోకి, అంటే పక్కగా చీలి మళ్ళీ అసలు పట్టాలో కలిసే లైనులోకి వెళ్ళి, వ్యాగన్లను చుట్టి వెనక్కి రావాలి. లూప్ పొడవు చాలదు, మూడు వ్యాగన్లే పడతాయి. గూడ్సుని రెండు ముక్కలు చెయ్యాలి. ఈలోపు ప్యాసింజరు వస్తే? అప్పటికి నలభై నిమిషాలయింది. టీ చల్లారిపోయింది. వేలు ఇంకా కాగితం మీదే ఉంది.

చదరంగం తెలిసినవాడు పేపర్లో వచ్చిన ఎత్తులు చదువుతూ కళ్ళముందు బల్ల చూస్తాడే, అలాంటిదన్నమాట. ప్లాను చదవడం వచ్చాక ఇంట్లో రైలుందా లేదా అన్నది పెద్ద విషయం కాదు.

ఈ ప్లాన్లలో నన్ను బాగా పట్టేసింది ఫిడిల్ యార్డు. ఎనిమిదడుగుల బల్ల మీద స్టేషను కట్టారనుకోండి, రైలు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? అందుకని ఒక చివర వంతెనో చెట్లో అడ్డం పెట్టి, దాని వెనక నాలుగైదు ఉత్త పట్టాలు వేస్తారు. కొండా ఉండదు, ఇల్లూ ఉండదు. మిగతా ప్రపంచం అంతా అదే. లండను అదే, రేవూ అదే, బొగ్గు గనీ అదే. మన తోలుబొమ్మలాటలో తెర ఇవతల లంక తగలబడుతుంటే, అవతల తరవాత రావాల్సిన బొమ్మలన్నీ గోడకు ఆనించి ఉంటాయి చూడండి. ఇక్కడా ఎవరో ఒకరు తెర వెనక స్టూలు మీద కూర్చుని చేత్తో వ్యాగన్లు మారుస్తుంటారు. వ్యాసాల్లో ఆ వెనక భాగాన్ని కూడా సిగ్గుపడకుండా ఫోటో తీసి వేస్తారు.

రాసేవాళ్ళు రచయితలు కారు. పోస్టుమాన్లు, టీచర్లు, చర్చి ఫాదర్లు, రిటైరయిన ఇంజనీర్లు. “పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, గది ఖాళీ అయింది” అని వ్యాసం మొదలవుతుంది. “ఇంత ఓపిక పట్టిన మా ఆవిడకు కృతజ్ఞతలు” అని ముగుస్తుంది. ఈ రెండు వాక్యాలూ లేని వ్యాసం అరుదు. మధ్యలో వంటింటి రహస్యాలు చెప్పినట్టు చెబుతారు: వాడేసిన టీపొడి ఎండబెట్టి జల్లితే మట్టి, పాత కరెంటు తీగ పోగులు మెలిపెడితే చెట్టు కొమ్మలు. తప్పులు కూడా దాచరు. మలుపు మరీ బిగుతుగా వేశాను, పెద్ద ఇంజను పడిపోతోంది, కాబట్టి కొత్తగా తిరగేసి వేశాను అంటారు. పదేళ్ళు పట్టిన పనిని ఆరు పేజీల్లో చెబుతున్నప్పుడు గొప్పలు చెప్పుకోవాలనిపించదేమో మరి.

ఆ వ్యాసాల్లో పాతకాలం వాళ్ళు దేవుడిలా తలుచుకునేది బకింగ్‌హామ్ లేఅవుట్. కట్టినాయన పీటర్ డెనీ అనే చర్చి ఫాదరు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మొదలుపెట్టి దశాబ్దాల తరబడి కడుతూనే పోయాడు. అంతా 1907 నాటి దృశ్యం. కోచీల రంగు, గోడల మీద ప్రకటనలు, మనుషుల టోపీలు, అన్నీ ఆ ఏటివే. సిగ్నల్ గంటలు కొట్టి ఒక స్టేషనువాళ్ళు ఇంకో స్టేషనుకి రైలు పంపాలి. రెండో స్టేషను దగ్గర కొడుకు క్రిస్పిన్ కూర్చునేవాడు. కొడుకు ఎప్పుడూ అందుబాటులో ఉండడు కదా. ఆ గంటల లెక్క విని తనంతట తానే పాయింట్లూ (రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్ళించే చోట్లు) సిగ్నళ్ళూ మార్చే యంత్రం ఒకటి తయారుచేసుకున్నాడు డెనీ. దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టాడు! మా అమ్మాయి ఇది విని “నేను కాలేజీకి వెళ్ళిపోయాక నా పేరుతో కూడా మిషను పెడతావా నాన్నా?” అంది. నేను జవాబు చెప్పలేదు.

ఫ్రీజర్ గీసిన ప్లాన్ల గురించి చెప్పకపోతే పెద్దాయన ఆత్మ శాంతించదు. (పోయిన ఏడాది ఆయన కాలం చేశారు.) 1957లో వచ్చిన ‘మైనరీస్’ అన్నిటికన్నా ప్రసిద్ధం. లండను నడిబొడ్డున ఒక వీధి పేరు అది. అక్కడో టెర్మినస్, అంటే లైను ఆగిపోయే చివరి స్టేషను, ఉండి ఉంటే ఎలా ఉండేదని ఊహించి, మూడు ప్లాట్‌ఫారాలు, కొద్దిపాటి పాయింట్లు, చిన్న ఇంజన్లతో, సన్నటి బల్ల మీద పట్టేలా గీశాడు. వచ్చే లైను నుంచి ఏ ప్లాట్‌ఫారానికైనా రావచ్చు, ఏ ప్లాట్‌ఫారం నుంచైనా పోయే లైను మీదికి వెళ్ళచ్చు, కోచీలు పాములా మెలికలు తిరగవు. చూడ్డానికి నాలుగు గీతలే. మీరు కూర్చుని అదే చోటులో ఇంకా మేలైనది గియ్యడానికి ప్రయత్నించండి, అప్పుడు తెలుస్తుంది. అరవై ఏళ్ళు దాటినా జనం ఇంకా దాన్ని కడుతూనే ఉన్నారు.

ఉత్తరాల పేజీ నాకు వినోదం. అక్కడ ఎప్పటికీ తెగని తగాదా ఒకటుంది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే ‘ఓఓ’ స్కేలులో అసలు రైలు ఒక్కో అడుగుకి బొమ్మలో 4 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం మాత్రం 16.5 మిల్లీమీటర్లు. లెక్క కట్టండి: నాలుగడుగుల ఒకటిన్నర అంగుళాలు. అసలు రైలుకి నాలుగడుగుల ఎనిమిదిన్నర ఉండాలి. ఏడంగుళాలు తగ్గింది! ఇంగ్లీషు ఇంజన్లు చిన్నవి, అప్పటి మోటార్లు వాటిలో పట్టలేదు. అందుకని పైభాగం కాస్త పెద్దది చేసి, పట్టాలను ఉన్నవాటినే ఉంచేశారు. ఆ ఏడంగుళాల కోసం తరాల తరబడి కొట్టుకుంటున్నారు. కొందరు వ్రతం పట్టినట్టు సరైన కొలతకి, 18.83 మిల్లీమీటర్ల దూరంలో, పట్టాలు చేత్తో వేసుకుంటారు.

ఒక రాత్రి ఈ గొడవ చదువుతూ, మన బ్రాడ్‌గేజికి ఎంత రావాలో అని కాగితం మీద లెక్క వేశాను. మనది అయిదడుగుల ఆరంగుళాలు, అంటే అయిదున్నర అడుగులు. ఓఓ స్కేలులో 22 మిల్లీమీటర్లు కావాలి, అలాంటి పట్టాలు బజార్లో దొరకవు. అదే అడుగుకి 3 మిల్లీమీటర్ల స్కేలు తీసుకుంటే? 1957లో ట్రయాంగ్ కంపెనీ ‘టీటీ’ అని తెచ్చిన స్కేలు అది. మూడూ అయిదున్నరలు పదహారున్నర. సరిగ్గా 16.5! ఇంగ్లీషువాళ్ళకు ఏడంగుళాలు తక్కువొచ్చిన అదే పట్టా, మూడు మిల్లీమీటర్ల స్కేలులో వెంట్రుకవాసి తేడా లేకుండా మన బ్రాడ్‌గేజి అవుతోంది. రాత్రి పన్నెండున్నరకు మా ఆవిడని లేపి చెప్పాను. “ఏవండీ, రేపు నాకు పొద్దుటి డ్యూటీ” అని అటు తిరిగి పడుకుంది.

అప్పటిదాకా నేను ఉత్త పాఠకుణ్ణి. ఆ లెక్కతో చెడిపోయాను.

కాకినాడ నుంచి కోటిపల్లి లైను 1928లో వేశారు. 1940లో యుద్ధ అవసరాలకని పట్టాలు తీసుకెళ్ళారు. మా తాతయ్య చెప్పింది అదే. 2004లో మళ్ళీ వేశారు, దాని మీద రైల్‌బస్ తిప్పారు. బస్సులాంటి ఒక్క పెట్టె రైలు. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వరిచేల మధ్య నుంచి వచ్చి గౌతమీ గోదావరి ఒడ్డున లైను ఆగిపోతుంది. రేవు దాటితే ముక్తేశ్వరం. చిన్న టెర్మినస్, ఒక్క పెట్టె, పక్కన నది. ఈ పత్రిక వాళ్ళు డెబ్భై ఏళ్ళుగా డెవన్‌లోనూ కార్న్‌వాల్‌లోనూ వెతుక్కుని మరీ కట్టుకునేది ఇలాంటి బ్రాంచి లైన్లనే.

ఆరడుగుల బల్ల చేయించాను. ప్లాస్టికార్డుతో (పల్చటి ప్లాస్టిక్ రేకు) రైల్‌బస్ పెట్టె కోసి, కింద పాత ఓఓ ఇంజను చట్రం బిగించాను. మొదటి పెట్టె జిగురు ఎక్కువై వంకరపోయింది, రెండోది పరవాలేదు. కొబ్బరిచెట్లు నలభై కావాలి, పదకొండయ్యాయి. ఆకులు కాగితంతో కత్తిరించాలి, ఒక్కో చెట్టుకీ ఒక సాయంత్రం పడుతుంది. మా ఆవిడ దీన్ని ‘మగవాళ్ళ బొమ్మలకొలువు’ అంటుంది. సంక్రాంతికి తన బొమ్మల పక్కన అయిదు రోజులు చోటిచ్చింది కూడా.

మీరు మొదలుపెట్టాలంటే కొత్త సంచికకు డిజిటల్ చందా ఉంది, ఇండియా నుంచీ చదవచ్చు. అయినా నా సలహా, ఎక్కడైనా పాత సంచిక దొరికితే దానితో మొదలుపెట్టండి. కొత్తవాటిలో ఫోటోలు చాలా బాగుంటాయి, కళ్ళు అక్కడే ఆగిపోతాయి. పాతవాటిలో మసకబారిన బ్లాక్ అండ్ వైట్ బొమ్మలే కాబట్టి తప్పనిసరిగా ప్లాను చదువుతారు. ఇళ్ళు మారినప్పుడు సామాను మోసిన వాళ్ళు నా కట్టల్లో ఒకటి పోగొట్టారు. 1960ల నాటివి. డబ్బులిస్తామన్నారు, తీసుకుని ఏం చేసుకోను?

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నాన్నగారికి బల్ల చూపించాను. స్టేషను చూశారు, రైల్‌బస్ నడిపిస్తే నవ్వారు. తరవాత ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “గోదారి అంత నీలంగా ఎందుకుందిరా?” అన్నారు. వార్నిషు కింద వేసిన రంగు అది, డబ్బా మీద ‘నది’ అనే రాసుంది. “మాఘమాసమా, వరదల రోజులా? ముందు అది తేల్చుకో. వరదైతే ఎర్రగా ఉండాలి, రేవు మెట్లు కనపడకూడదు” అన్నారు.

డెనీ అయితే బల్ల కొనకముందే తేల్చుకునేవాడు. నేను ఇంకా తేల్చుకోలేదు.