పాత ఊరికి ఎందుకంత రేటు? ముందు ఆ గిఫ్ట్ డీడ్ ఆపండి

ప్రశ్న: మేం మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు చిత్తూరు. మా అమ్మాయి, అల్లుడు లండన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, ఇద్దరి పేరునా ఇంతవరకు ఎక్కడా ఇల్లు లేదు. హిచిన్ అనే చిన్న ఊళ్లో నూరేళ్లు దాటిన ఇల్లు 4,50,000 పౌండ్లకు చూశారు. లండన్‌కు ఇంకా దగ్గరున్న స్టీవనేజ్‌లో అదే డబ్బుకు పెద్ద ఇల్లు వస్తుందట. పాతింటికి అంత పోయొచ్చా? వచ్చే నెల మా ఫ్లాట్ అమ్మాయి పేరున గిఫ్ట్ రాసేద్దాం అనుకుంటున్నాం, ఆమెకంటూ ఒక ఆస్తి ఉంటుందని.
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ఆ రిజిస్ట్రేషన్ ఇప్పుడు పెట్టుకోకండి. ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు స్టాంప్ డ్యూటీలో రాయితీ ఉంది, కానీ ప్రపంచంలో ఎక్కడా వాళ్ల పేరున అంతకుముందు ఇల్లు ఉండి ఉండకూడదు, ఆ లెక్కలోకి మారతహళ్లి ఫ్లాట్ కూడా వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం, రాయితీతో ఆ ఇంటికి కట్టేది 7,500 పౌండ్లు. ఫ్లాట్ అమ్మాయి పేరుకు మారిందంటే రాయితీ పోవడమే కాదు, దాని విలువ 40,000 పౌండ్లు ఉన్నా చాలు, కొత్త ఇంటి మొత్తం ధర మీద 5 శాతం అదనంగా పడి, కట్టేది మొత్తం 35,000 పౌండ్లు అవుతుంది. భార్యాభర్తల్ని ఒకటిగానే చూస్తారు కాబట్టి అల్లుడి ఒక్కడి పేరున కొన్నా ఈ అదనం తప్పదు. డబ్బు సాయం చేస్తున్నాం కదా అని మీ పేర్లు ఆ ఇంట్లో కలపొద్దు, కొనేవాళ్లలో బ్రిటన్‌లో నివసించనివాళ్లు ఉంటే ఇంకో 2 శాతం వేస్తారు. ఫ్లాట్ సంగతి అక్కడి ఇల్లు చేతికొచ్చాక తీరిగ్గా చూసుకోండి.

ఇక ధర. స్టీవనేజ్‌ను 1946లో మొదటి న్యూ టౌన్‌గా ప్రకటించి, లండన్ జనం కోసం ప్లాను గీసి కట్టారు. హిచిన్ దాని తర్వాతి స్టేషన్, లండన్ నుంచి చూస్తే ఇంకాస్త దూరం. అయినా ఇళ్లు అక్కడే ఎక్కువ పలుకుతాయి, ఎందుకంటే లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్‌కు రైలు అరగంట అటూ ఇటూగా ఉంటూనే, పాత సంత, నది పక్కన సెయింట్ మేరీస్ చర్చి, కలప చట్రాల ఇళ్లున్న వీధులు ఇంకా మిగిలాయి. చుట్టూ చాలావరకు గ్రీన్ బెల్ట్, అంటే ఇళ్లు కట్టకుండా వదిలేసిన పొలాల పట్టీ. 1955లో ప్రభుత్వం ఊళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా పొలాలు వదలమని కౌన్సిళ్లకు చెప్పింది, అలా ఇళ్లకు కొత్త స్థలం దొరకడం ఆగిపోయింది, రైలెక్కి ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నారు.

మన వైట్‌ఫీల్డ్ తలచుకోండి. 1880లలో ఆంగ్లో ఇండియన్ల కోసం పెట్టిన ఊరు, పెంకుటిళ్లు, పెద్ద చెట్లు. 1990లలో ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు వచ్చింది, 2023లో మెట్రో వచ్చింది, ఇన్నర్ సర్కిల్‌లో కొన్ని బంగళాలు తప్ప ఆ ఊరు ఎక్కడుందో వెతుక్కోవాలి. మనకి పాతిల్లంటే పడగొట్టి కట్టుకునే సైటు, అంతే. నాకైతే ఇది చాలా బాధ, అందుకే ఒక ఊరు తన రూపం నిలుపుకోవడానికి జనం ఎక్కువ డబ్బు పెడుతున్నారంటే తప్పుపట్టలేను. అయితే దాని భారం ఎక్కువగా ఆ ఊళ్లోనే పుట్టి, చిన్న జీతంతో అక్కడే ఉండాలనుకునే పిల్లల మీద పడుతుంది, అది న్యాయం కాదు. అదీగాక ఈ అందానికి గ్యారంటీ లేదు: 2024 డిసెంబరులో ‘గ్రే బెల్ట్’ పేరుతో గ్రీన్ బెల్ట్‌లో కొన్ని చోట్ల ఇళ్లు కట్టేందుకు దారి తెరిచారు. కిటికీ అవతల పొలం ఎప్పటికీ పొలంగానే ఉంటుందని డబ్బు పెట్టొద్దని చెప్పండి.

వారాంతాల్లో సంతకు నడిచి వెళ్లడం, పాత వీధుల్లో బతకడం పిల్లలకు నిజంగా ఇష్టమైతే హిచిన్ తీసుకోనివ్వండి. గదులే ముఖ్యమైతే స్టీవనేజ్, అందులో చిన్నతనమేం లేదు. పాతింట్లో గోడల చెమ్మ, పైకప్పు చూడటానికి సొంతంగా సర్వేయర్‌ని పెట్టుకోవాలి. ఇల్లు లిస్టెడ్ భవనమా, అంటే చారిత్రక కట్టడంగా రక్షణలో ఉందా అని అడగాలి, అయితే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేదాకా కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, కాబట్టి ఈలోపు ఒక పనిరోజు సాయంత్రం ఆఫీసు రైల్లో వెళ్లి, ఆ వీధిలో కారు పెట్టడానికి చోటు దొరుకుతుందో లేదో చూసి రమ్మనండి.