మూడు విజిళ్లు వచ్చేలోపు
పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ఈ నెల ఉత్తరాలు వంటింట్లో మొదలై టీవీ ముందు తేలాయి. మధ్యలో యోగా చాప ఒకటి. కొత్త పాఠకుల కోసం ముందే చెప్తున్నాను. నేను డాక్టర్ని కాదు, యోగా గురువుని అసలే కాదు. రాజమహేంద్రవరంలో 34 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఎనభై తొమ్మిదేళ్ల అత్తగారు, షుగరున్న మా ఆయన, ఒక రిమోటు. ఈ ముగ్గురితో నెగ్గుకొస్తున్న అనుభవమే నా చదువు.

టీచరమ్మ గారూ, నాకు 52 ఏళ్లు. యోగా పొద్దున్నే చెయ్యాలని అందరూ అంటారు. మా ఇంట్లో పొద్దున ఆయనకు ఇడ్లీ, అబ్బాయికి చపాతీ, మామగారికి రాగి జావ. తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటాను. సాయంత్రం చేస్తే పనికిరాదా? ఏడింటికేమో నా సీరియల్.
– ఒక గృహిణి, తణుకు

యోగా గురించి అడిగావు గానీ అమ్మాయ్, నీ ఉత్తరంలో నాకు కనపడింది ఆ మూడు టిఫిన్లే. వారానికి రెండు రోజులు ఇంటిల్లిపాదికీ జావే పొయ్యి. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నంజుకోవడానికి ఊరమిరపకాయ పక్కన పెట్టు. మొదటి రోజు మొహాలు ముడుచుకుంటారు. మూడో వారానికి అలవాటైపోతుంది. మా ఇంట్లో అలాగే అయింది.

ఇక సాయంత్రం సంగతి. నిక్షేపంగా చెయ్యొచ్చు. గడియారం కంటే కడుపు ముఖ్యం. భోజనానికీ ఆసనాలకీ మధ్య మూడు నాలుగు గంటలు ఎడం ఉండాలి. నేను పన్నెండున్నరకు తిని, ఐదింటికి చాప పరుస్తాను. ఈ ఎడం ఎందుకో పుస్తకం చదివి తెలుసుకోలేదు. ఒక ఆదివారం నాలుగింటికి అల్లం పచ్చడితో ఎనిమిది పునుగులు తిని, ఐదింటికి పవనముక్తాసనం వేశాను. పేరు సార్థకమైంది. అంతకంటే వివరంగా పత్రికలో రాయలేను. పక్క గదిలోంచి మా అత్తగారు "ఏమ్మా, పిలిచావా?" అన్నారు.

తిన్న వెంటనే వెయ్యదగ్గది వజ్రాసనం ఒక్కటే. అదీ మోకాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే కుర్చీలో నిటారుగా కూర్చో, ఎవరూ మార్కులు తగ్గించరు.

ఇంకో తప్పు కూడా చేశాను, అది నువ్వు చెయ్యకు. టైం కలిసొస్తుందని స్టవ్ మీద కుక్కర్ పెట్టి వచ్చి శవాసనంలో పడుకునేదాన్ని. కళ్లు మూసుకునేవి, చెవులు మాత్రం వంటింట్లో ఉండేవి. ఒకటో విజిల్, రెండో విజిల్... అది శవాసనం కాదు, కాపలా. ఇప్పుడు ఐదింటికి ముందు బియ్యం, పప్పు నానబోసి వెళ్తాను. నిలబడి చేసేవి రెండు, కూర్చుని చేసేవి రెండు, పడుకుని ఒకటి, తర్వాత ఐదు నిమిషాలు ఏమీ చెయ్యకుండా పడుకోవడం. అంతా కలిపి అరగంట. లేచాకే స్టవ్ వెలిగిస్తాను. పప్పు నానింది కాబట్టి మూడు విజిళ్లకే మెత్తబడుతుంది. ఏడింటికి నీ సీరియల్ నీకుంటుంది, ఎవరూ దాన్ని ఎత్తుకుపోరు.

2025 జూన్ 21న మా విశాఖలో యోగా దినోత్సవానికి బీచ్ రోడ్డు మీద లక్షల మందిలో నేనూ చేశాను. ఎంత ఉత్సాహమో! తర్వాత వారం రోజులు ఇంట్లోనూ చేశాను. ఆ మీద ఆగిపోయింది. అప్పుడు కొన్న చాప మీద ఇప్పుడు మా అమ్మ గుమ్మడి వడియాలు పెడుతోంది. మళ్లీ మొదలుపెట్టేదెలా?
– ఒక బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

ముందు మీ అమ్మగారిని ఆపండి. ఆ రబ్బరు చాప ఎండకు వాసనేస్తుంది, ఆ వాసన వడియాలకు పడుతుంది. వడియాలకు పాత నూలు చీరే కరెక్టు.

ఆ రోజు ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా జనం బారులు తీరారు. అంతమంది మధ్య చెయ్యి ఎత్తకుండా ఉండటమే కష్టం. ఇంట్లో అలా కాదు, చెయ్యి ఎత్తకపోయినా అడిగేవాళ్లుండరు. కాబట్టి ఒక మనిషిని చూసుకోండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ, లేదా మీ అమ్మగారే. నాకు మా పక్కింటి కోడలు తోడు. ఐదింటికి ఆ అమ్మాయి బెల్లు కొడుతుందని నేను చాప వేస్తాను, నేను వేసి ఉంటానని ఆ అమ్మాయి వస్తుంది. ఇద్దరికీ బద్ధకంగా ఉన్న రోజున టీ తాగి కబుర్లు చెప్పుకుంటాం. అవి కూడా యోగా లెక్కలోనే రాసుకుంటాం.

మాది కాకినాడ, పెళ్లయి కరీంనగర్ వచ్చాను. మా అత్తమ్మ సర్వపిండి చేస్తే గిన్నెలోంచి చంద్రబింబంలా ఊడొస్తుంది. నేను చేస్తే మొదటిది బాగానే వస్తుంది, రెండోది ముక్కలవుతుంది. అత్తమ్మని అడగడానికి మొహమాటం.
– కొత్త కోడలు, కరీంనగర్

మొహమాటం దేనికమ్మా, అడిగితే ఆవిడ పొంగిపోతుంది. సరే, మా వియ్యపురాలిది వరంగల్. ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నది చెప్తాను.

నీ పిండిలో తప్పు లేదు, ఉంటే మొదటిదే చెడేది. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, కారం, ఉప్పు అన్నీ నువ్వు సరిగ్గానే వేస్తున్నావు. తప్పు గిన్నె వేడిలో ఉంది. మొదటిది చల్లటి గిన్నెలో ఒత్తుతావు. వేళ్ల కింద పిండి నెమ్మదిగా జారుతూ గిన్నె అంచుదాకా పలచగా పాకుతుంది. రెండోసారి గిన్నె కాలుతూ ఉంటుంది. పిండి తగలగానే పట్టేస్తుంది, ఇక జరగదు. చెయ్యి కాలుతుందని నువ్వూ గబగబా ఒత్తుతావు. ఒకచోట మందం, ఒకచోట పలచన. మరి విరగక ఏం చేస్తుంది?

మా వియ్యపురాలు మొదటిది తీయగానే గిన్నెను బోర్లించి వెనకవైపు నీళ్లు పోసేది. చుయ్‌మని ఆవిరి లేచేది. చల్లారాక తుడిచి, మళ్లీ నూనె రాసి, అప్పుడు పిండి ఒత్తేది. పని తొందరగా తెమలాలంటే రెండు గిన్నెలు పెట్టుకో. ఒకటి పొయ్యి మీదుంటే ఇంకోటి చల్లారుతుంది. ఒత్తాక వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో నూనె చుక్క వెయ్యి. మూత పెట్టి సన్న సెగ మీద వదిలెయ్యి. మధ్యలో గరిటె పెట్టి కెలక్కు. అడుగు ఎర్రబడితే అంచులు వాటంతటవే గిన్నెను వదులుతాయి. తిరగెయ్యక్కర్లేదు. పైన మెత్తగా, అడుగున కరకరలాడుతూ ఉండటమే దాని అందం.

బదులుగా మీ అత్తమ్మకి ఒక ఆదివారం పెసరట్టు వేసి పెట్టు. పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు. గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి అప్పటికప్పుడు పొయ్యడమే. పిండి పులవనివ్వకు.

పోయిన నెల మీరు 'అమృతం' సీరియల్ శనివారం రాత్రి వచ్చేదని రాశారు. ఆదివారం అండీ! మా ఇంట్లో ఆదివారం రాత్రి చపాతీలు అది చూస్తూనే తినేవాళ్లం.
– ఒక అభిమాని, విజయవాడ

తప్పు ఒప్పుకుంటున్నాను, గుంజీలు తీశాననుకోండి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారమే వచ్చేది. ఆ అమృత విలాస్ హోటల్ గొడవలు చూసి నవ్వీ నవ్వీ, తెల్లారితే సోమవారం బడికెళ్లాలన్న దిగులు మరిచిపోయేదాన్ని. అంత గుర్తుండి కూడా వారం ఎలా తప్పానో!

టీచరమ్మ గారూ, మా అమ్మ భీమవరం నుంచి మా దగ్గరికొచ్చి నాలుగు నెలలైంది. పొద్దున తొమ్మిదయ్యేసరికి టీవీ ముందు కూర్చుంటుంది, సీరియల్ అయ్యేదాకా లేవదు. ఎండ ముదరకముందే పార్కుకి వెళ్దామంటే రాదు. అంతదూరం నుంచి వచ్చి ఇక్కడా అవే ఏడుపులా అని నాకు టెన్షన్.
– ఒక కూతురు, డల్లాస్

ఈ ఉత్తరం చదివి కాసేపు లెక్క వేశాను, పాత అలవాటు కదా. వేసవిలో మీ డల్లాస్‌లో పొద్దున తొమ్మిదైతే భీమవరంలో రాత్రి ఏడున్నర. అదే సీరియల్ అదే నిమిషంలో మీ పిన్ని, మీ ఎదురింటావిడ, కూరగాయలమ్మే ఆవిడ కూడా చూస్తూ ఉంటారు. సీరియల్ అవగానే మీ అమ్మ ఎవరికి ఫోన్ చేస్తుందో రేపు గమనించు. ఆ పిల్ల గడప దాటిందా, ఆ మొగుడికి నిజం తెలిసిందా అని మాట్లాడుకుంటారు చూడు, ఆ పది నిమిషాలు మీ అమ్మ భీమవరంలో అరుగు మీదుంటుంది. రికార్డు చేసి సాయంత్రం చూడొచ్చుగా అంటావేమో. అప్పటికి అక్కడ అందరూ నిద్రపోతుంటారు.

మా అత్తగారి సంగతి చెప్తాను. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు మా వీధిలో టీవీలు రెండే. అందులో ఒకటి మాది. తొమ్మిదిన్నరకల్లా ముందు గది నిండిపోయేది. నేను తెల్లవారుజామునే లేచి వంట ముగించేదాన్ని. అత్తగారు టీవీ పెట్టె మీద దుమ్ము తుడిచి, ముందు అగరువత్తి వెలిగించేవారు. 2020 లాక్‌డౌన్‌లో అదే మళ్లీ వేశారు. గదిలో ఆవిడ ఒక్కరే. ఈసారి టీవీ గోడకి ఉంది, పైన తుడవడానికి చోటే లేదు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, అగరువత్తి వెలిగించి, ఎక్కడ గుచ్చాలో తెలియక ఒక అరటిపండుకి గుచ్చారు. రాముడు అడవికి బయల్దేరగానే నా వైపు తిరిగి "మీ ఎదురింటి సూరమ్మ రాలేదేం?" అన్నారు. సూరమ్మ పోయి పదేళ్లు. "వస్తుందిలెండి" అన్నాను.

అందుకే మీ అమ్మ తొమ్మిది గంటల జోలికి పోకు. పార్కు ఎనిమిదింటికి పెట్టుకో, తప్పకుండా వస్తుంది. మరి ఒక ప్రోగ్రాం ఇద్దరూ కలిసి చూడండి. 'పాడుతా తీయగా' అయితే మీ ఇద్దరికీ తెలిసిందే. 1996లో ఈటీవీలో బాలు గారు మొదలుపెట్టినప్పుడు నువ్వూ పిల్లవే అయి ఉంటావు, ఇప్పుడు వాళ్లబ్బాయి చరణ్ నడుపుతున్నారు. చిక్కుడుకాయలు ఒక పళ్లెంలో పోసుకుని ఈనెలు తీస్తూ చూడండి. చేతులకు పనుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

అమ్మా, నాకు 71 ఏళ్లు. మా ఆవిడ అమ్మాయి రెండో కాన్పుకని పుణె వెళ్లి మూడు వారాలైంది, ఇంకో రెండు నెలలు రాదు. హోటల్ భోజనం పడటం లేదు. కుక్కర్ పెట్టడం తప్ప ఏమీ రాదు. బీపీ ఉంది. పొద్దున్న టీవీలో యోగా చూసి చేస్తుంటే మెడ పట్టేస్తోంది. ఆవకాయతో రోజులు వెళ్లదీస్తున్నాను.
– రిటైర్డ్ ఉద్యోగి, శ్రీకాకుళం

అన్నయ్య గారూ, ముందు మెడ సంగతి. టీవీలో ఆయన పడుకోమంటాడు, మీరు పడుకుని ఆయనేం చేస్తున్నాడోనని తల తిప్పి చూస్తారు. పట్టక ఏం చేస్తుంది? చూసేటప్పుడు కుర్చీలో కూర్చుని చూడండి, చేసేటప్పుడు టీవీ కట్టెయ్యండి. నాలుగు గుర్తుంటే నాలుగే చెయ్యండి. బీపీ ఉంది కాబట్టి తలకిందులుగా చేసేవీ, ఊపిరి బిగబట్టేవీ వద్దు. మిగతావి మీ డాక్టరుగారిని ఒక మాట అడిగి చెయ్యండి.

ఇక ఆవకాయ. రోజుకి మొత్తం ఉప్పు ఐదు గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే ఇంచుమించు ఒక టీ స్పూను. రెండు పూటలా ఆవకాయే అయితే ఇంకేం మిగులుతుంది? ఆదివారానికి ఉంచుకోండి.

కుక్కర్ పెట్టడం వచ్చంటే సగం వంట వచ్చినట్టే. అడుగు గిన్నెలో చిన్న గ్లాసుడు కందిపప్పు, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, రెండు టమాటాలు, రెండు పచ్చిమిర్చి. పప్పు అరగంట ముందే నానాలి. చింతపండు ఇప్పుడే వెయ్యకండి, పులుపు ముందే పడితే పప్పు ఉడకదు. పై గిన్నెలో గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు. మూడు విజిళ్లు. స్టవ్ కట్టేసి ఆవిరి దానంతటదే పోయేదాకా మూత జోలికి పోవద్దు.

తర్వాత పోపు. మీ ఆవిడగారి పోపుల డబ్బా తెరవండి. మూకుట్లో రెండు చెంచాల నూనె వేడెక్కాక ఆవాలు, మినప్పప్పు. ఆవాలు చిటపటలాడి మినప్పప్పు ఎర్రబడుతుండగా జీలకర్ర, ఎండుమిరపకాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఆఖరున కరివేపాకు. కరివేపాకు వేసేటప్పుడు ఒక అడుగు వెనక్కి జరగండి, నూనె చిందుతుంది. మాడినట్టు అనిపిస్తే పారబోసి మళ్లీ వెయ్యండి. మాడిన పోపు పప్పునంతా పాడు చేస్తుంది, ఆ నూనెకి కక్కుర్తి పడొద్దు.

మొదటిరోజు ఆవిరి పోయేలోపు పుణెకి వీడియో కాల్ చేసి, పోపు ఆవిడకి చూపిస్తూ వెయ్యండి. "స్టవ్ తగ్గించండి, తగ్గించండి" అని అక్కణ్ణుంచే కేకలేస్తారు. తగ్గించండి. ఉప్పు వెయ్యడం ఇద్దరూ మరిచిపోతారు, అది మీ బీపీకి మంచిదే.