ఊపిరీ ఆడాలి, కిడ్నీలూ నిలవాలి

గుండె జబ్బుకు నీరు తీసే మాత్రలు వాడుతున్న కుక్కల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా కుక్కకు పదకొండేళ్లు, బరువు 8 కిలోలు. గుండె వాల్వు లీకవుతోందనీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ చెప్పి రెండు నెలల కిందట నీరు తీసే ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. మాత్రలో సగం చొప్పున రెండు పూటలా మొదలుపెట్టారు. గుండెకు బలమిచ్చే పైమోబెండన్, రక్తనాళాలను వదులు చేసే ఎనలాప్రిల్ కూడా వేస్తున్నాం. ఆయాసం పోయింది, బాగానే తింటోంది. కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్షల్లో మొదట్లో క్రియాటినిన్ 0.9, బి.యు.ఎన్. (రక్తంలోని యూరియా నైట్రోజన్) 22 ఉండేవి. మొన్న 1.5, 58 వచ్చాయి. కిడ్నీలు పోతున్నాయన్న భయంతో నిన్నటి నుంచి నీరు తీసే మాత్ర ఆపేశాం. మంచి పనేనా?

జవాబు: కాదు. ఇవాళే మీ డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర ఆపిన సంగతి చెప్పండి. ఇలాంటి కుక్కలో కిడ్నీ సాధారణంగా వారాల మీద దెబ్బతింటుంది. ఊపిరితిత్తుల్లో నీరు మాత్రం ఒక్క రాత్రిలో నిండిపోగలదు.

ఆ అంకెలు ఎందుకు పెరిగాయో చూద్దాం. ఫ్యూరోసెమైడ్ కిడ్నీలోని హెన్లీ లూప్ అనే సన్నని గొట్టపు మెలిక దగ్గర ఉప్పును తిరిగి రక్తంలోకి వెళ్లనివ్వదు. ఉప్పు వెంటే నీరూ మూత్రంలోకి పోతుంది. ఊపిరితిత్తులు తేలికపడతాయి, కానీ ఒంట్లో తిరిగే రక్తం కూడా కొంత తగ్గి కిడ్నీకి చేరే వాటా పడిపోతుంది. అప్పుడు కిడ్నీ దొరికిన నీటినల్లా వెనక్కి లాక్కుంటుంది. ఆ నీటితోపాటు యూరియా కూడా వెనక్కి వచ్చేస్తుంది, క్రియాటినిన్ అలా రాదు. అందుకే మీ రిపోర్టులో బి.యు.ఎన్. అంతగా ఎగబాకి, క్రియాటినిన్ కొంచెమే పెరిగింది. కుక్క హుషారుగా తిని తిరుగుతూ ఉంటే, ఇది చాలావరకు రక్తం తగ్గినందువల్ల వచ్చిన పెరుగుదలే. అలాగని పట్టించుకోకుండా వదిలేసేది కాదు. 0.9 నుంచి 1.5 అంటే చిన్న తేడా ఏమీ కాదు.

మీ కుక్కకు పడుతున్నది పూటకు కిలోకు 2.5 మి.గ్రా., అంటే రోజుకు కిలోకు 5 మి.గ్రా. ఇంకా తగ్గించే వీలున్న మోతాదే అది. నిద్రలో ఊపిరి నెమ్మదిగా ఉంటే డాక్టరు మోతాదును ఒక మెట్టు దించి, వారం పది రోజుల్లో మళ్లీ క్రియాటినిన్, యూరియా, పొటాషియం చూస్తారు. అంకెలు ఇంకా పెరుగుతుంటే ఎనలాప్రిల్ మోతాదు కూడా ఆలోచించాలి. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నని నాళాల గుచ్ఛం నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని అది వదులు చేస్తుంది. రక్తం బాగా అందుతున్నప్పుడు దానివల్ల మేలే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. నీరు తీసే మాత్ర పూర్తిగా మానేయడం మాత్రం, ఒకసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్కకు దాదాపు ఎప్పుడూ కుదరదు.

రిపోర్టు చదివేటప్పుడు రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. కొన్ని ల్యాబులు బి.యు.ఎన్. ఇస్తాయి, కొన్ని బ్లడ్ యూరియా ఇస్తాయి. బి.యు.ఎన్.ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. అంటే మీ 58, మరో ల్యాబులో 124గా కనిపిస్తుంది! ఏమీ మారకుండానే రెట్టింపైనట్టు కనిపించి ఇల్లంతా కంగారు పడతారు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. రెండోది మూత్రం చిక్కదనం. ఫ్యూరోసెమైడ్ వాడే కుక్క మూత్రం ఎలాగూ పలచగానే ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్ష చూసి కిడ్నీ పాడైందని చెప్పడానికి లేదు. ఐరిస్ (జంతువుల కిడ్నీ జబ్బు దశలను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం) పట్టిక ప్రకారం క్రియాటినిన్ 1.4 నుంచి 2.8 వరకు కిడ్నీ జబ్బు రెండో దశ అంటారు గానీ, ఆ పట్టిక ఒంట్లో నీరు సరిగా ఉండి, అంకెలు నిలకడగా ఉన్న కుక్కల కోసం తయారైంది. మోతాదు సర్దకముందే మీ కుక్కకు ఆ ముద్ర వేయకండి.

ప్రశ్న: "నిద్రలో ఊపిరి లెక్కపెట్టండి" అంటారు. ఎప్పుడు, ఎలా లెక్కపెట్టాలి?

జవాబు: కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు, ఆడి వచ్చి పడుకున్న కాసేపటికి కాదు. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కలగంటూ కాళ్లు ఆడిస్తుంటే, రొప్పుతుంటే ఆ లెక్క పనికిరాదు. నిమిషానికి 30 లోపు ఉండాలి. మందులు కుదిరిన కుక్కల్లో చాలావాటికి 15 నుంచి 25 మధ్య ఉంటుంది. 30 దాటితే గంట తర్వాత మరోసారి చూడండి. అప్పుడూ దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. 40 దాటినా, కడుపు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పడుకోలేక మెడ చాచి కూర్చుంటున్నా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ లెక్క కిడ్నీలకూ పనికొస్తుంది. రోజూ రాసిపెట్టిన చిన్న పుస్తకం ఉంటే, మోతాదు ఎంతవరకు దించవచ్చో డాక్టరు ధైర్యంగా నిర్ణయించగలరు. అది లేకపోతే దగ్గు చూసి మాత్ర పెంచుతారు. దగ్గన్నది మోసం చేస్తుంది. ఉబ్బిన గుండె ఎడమ కర్ణిక శ్వాసనాళాన్ని నొక్కినా దగ్గు వస్తుంది, ఆ దగ్గు నీరు తీసే మాత్రకు తగ్గదు. మాత్ర పెంచినకొద్దీ ఎండిపోయేది కిడ్నీలే.

ప్రశ్న: మాత్ర మొదలయ్యాక గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది. రాత్రి ఇంట్లోనే మూత్రం పోస్తోంది. సాయంత్రం నుంచి నీళ్లు తీసేయవచ్చా?

జవాబు: ఎప్పుడూ తీసేయకండి. మాత్ర బయటికి తోసిన నీటిని అది తాగి పూడ్చుకుంటోంది. ఆ దారి మూసేస్తే రెండు రోజుల్లో క్రియాటినిన్ ఎక్కుతుంది. మార్చాల్సింది మాత్ర వేసే వేళ. నోటి ద్వారా ఇచ్చిన ఫ్యూరోసెమైడ్ గంటలోపే పని మొదలుపెడుతుంది, ఒకటి రెండు గంటల్లో జోరందుకుంటుంది, సుమారు ఆరు గంటల్లో సర్దుకుంటుంది. రాత్రి పదింటికి వేస్తే అర్ధరాత్రి మీ చాపలు తడుస్తాయి. ఉదయం ఆరున్నరకు, సాయంత్రం ఆరున్నరకు వేసి, ఆ తర్వాత మూడు గంటల్లో రెండుసార్లు బయట తిప్పండి.

వారానికోసారి 24 గంటల నీటి లెక్క తీయండి. ఉదయం కొలిచి పోయాలి, మరునాడు మిగిలింది తీసేసి చూడాలి. ఎంత ఎక్కువ తాగుతోందన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. రోజూ 900 మి.లీ. తాగే కుక్క ఉన్నట్టుండి 300కు దిగితే మాత్రం అదే రోజు ఫోన్ చేయాల్సిన విషయం.

ప్రశ్న: నిన్నటి నుంచి మూడుసార్లు వాంతి చేసుకుంది, తిండి ముట్టలేదు. మాత్రలు వేయాలా? సెలైన్ ఎక్కిస్తే కిడ్నీలు కడుక్కుంటాయని ఎవరో అన్నారు.

జవాబు: వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం, ఈ మూడింటిలో ఏది వచ్చినా అదే రోజు డాక్టరును అడగండి. ఒకవైపు నీళ్లు లోపలికి పోవడం లేదు, మరోవైపు మాత్ర బయటికి లాగుతూనే ఉంది. కిడ్నీకి అసలు దెబ్బ తగిలేది ఇలాంటి రోజుల్లోనే. చాలాసార్లు ఎనలాప్రిల్‌ను ఒకటి రెండు రోజులు ఆపమంటారు, ఫ్యూరోసెమైడ్ తగ్గించమంటారు. అయితే ఊపిరి లెక్క చూడకుండా ఫోన్లో ఎవరూ ఆ మాట చెప్పలేరు, లెక్క తీసుకునే ఫోన్ చేయండి. చిగుళ్లు వేలితో తాకి చూడండి. తడిగా జారాలి. జిగటగా అంటుకుంటే నీరు తగ్గినట్టు. ముసలి కుక్కల్లో మెడ మీద చర్మం లాగి చూసే పరీక్ష నమ్మదగ్గది కాదు, చర్మం ఎలాగూ వదులై ఉంటుంది. విరేచనం తారులా నల్లగా ఉంటే అదీ చెప్పండి. పేగుల్లో రక్తం కారినా యూరియా పెరుగుతుంది.

సెలైన్‌లో ఉన్నది ఉప్పూ నీరే, మాత్ర తీసేస్తున్నదీ అవే. గుండె నీరసించిన కుక్కకు చర్మం కింద సీసా ఖాళీ చేస్తే ఆ నీరు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. ఎక్కించక తప్పనప్పుడు ఆసుపత్రిలో, మెల్లగా, ఊపిరి కనిపెడుతూ ఎక్కిస్తారు. ఇంట్లో మాత్రం వద్దు.

ప్రశ్న: కీళ్ల నొప్పికి గతంలో ఇచ్చిన మెలాక్సికామ్ సిరప్ మిగిలి ఉంది. అదే వేయవచ్చా?

జవాబు: వద్దు. మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ కిడ్నీలోకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను అడ్డుకుంటాయి. ఫ్యూరోసెమైడ్ రక్తాన్ని తగ్గించింది, ఎనలాప్రిల్ బయటికి పోయే నాళాన్ని వదులు చేసింది, ఇప్పుడు ఈ మందు లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తుంది. మూడూ కలిస్తే వడపోత ఆగిపోయినంత పనవుతుంది. మనుషుల ఐబుప్రోఫెన్ అయితే ఇంకా ప్రమాదం. గబాపెంటిన్ లాంటి వేరే నొప్పి మందుల గురించి డాక్టరును అడగవచ్చు, అదీ కిడ్నీ బలహీనంగా ఉంటే తక్కువ మోతాదులో. జారే నేల మీద చాపలు పరచడం, బరువు ఎక్కువుంటే తగ్గించడం ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: కిడ్నీ అంకెలు కాస్త పెరిగాయి కదా, మాంసం, గుడ్డు మాన్పించాలా? ఫ్యూరోసెమైడ్ బదులు టోరసెమైడ్ అనే మరో నీరు తీసే మాత్ర ఇస్తే కిడ్నీలకు మేలంటారు, నిజమేనా?

జవాబు: మాన్పించవద్దు. గుండె జబ్బులో కండ దానంతటదే కరుగుతుంది, ప్రొటీన్ తగ్గిస్తే ఇంకా త్వరగా కరుగుతుంది. పైగా క్రియాటినిన్ పుట్టేది కండలోంచే. కుక్క చిక్కిపోతే కిడ్నీ బాగుపడకపోయినా ఆ అంకె తగ్గి మనల్ని సంతోషపెడుతుంది. అలాంటప్పుడు కిడ్నీ పనితీరు చూపే ఎస్.డి.ఎం.ఎ. అనే మరో రక్తపరీక్ష చేయిస్తే మంచిది, కండ తగ్గినందువల్ల అది పెద్దగా మారదు. తగ్గించాల్సింది ఉప్పు. చీజ్, బ్రెడ్, చిప్స్, మాత్ర దాచి పెట్టే సాసేజ్ ముక్క మానేస్తే చాలావరకు సరిపోతుంది. కిడ్నీ ఆహారం జబ్బు ముదిరిన దశలో, కుక్క దాన్ని తింటేనే. తినని మంచి తిండి కన్నా తినే మామూలు తిండి నయం.

టోరసెమైడ్ ఎక్కువసేపు పనిచేస్తుంది, ఫ్యూరోసెమైడ్ రోజు మోతాదులో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు చాలు. ఫ్యూరోసెమైడ్ రోజుకు కిలోకు 8 మి.గ్రా. దాకా వెళ్లినా ఆయాసం లొంగనప్పుడు దీనికి మారుస్తుంటారు. కిడ్నీకి అది మెత్తని మందేమీ కాదు. మార్చిన వారంలోపే రక్తపరీక్ష చేయించాలి. పాత మాత్ర ఇంట్లో మిగిలి ఉంటే పక్కన పెట్టేయండి, పొరపాటున రెండూ కలిపి వేస్తే ఒక్క రోజులోనే కుక్క ఎండిపోతుంది.